అరవై నాలుగు రేడియోలు, ఒక పెద్దాయన

ల్యాబ్, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మార్చి 4

మావయ్యా,

బాగున్నావా అని అమ్మ అడగమంది. అడిగాను. ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ ఉత్తరం తెచ్చిన వ్యానులోనే నాలుగు అట్టపెట్టెలు దిగుతాయి. వాటిలో అరవై నాలుగు చిన్న రేడియోలున్నాయి. ఒక్కోటి సబ్బుపెట్టె అంత ఉంటుంది. వాటి మీద నంబర్లున్నాయి, స్తంభానికి ఆ నంబర్ల వరసలోనే బిగించు. చూసి నవ్వకు. అన్నీ చవక సరుకే, నాకూ తెలుసు. ఒకటి గట్టిగా పలికితే గొంతు చీలుతుంది. ఒకటి తాళం తప్పుతుంది. ఏ రెండూ ఒకలా ఉండవు. కానీ ఎవడి లోపం ఎంతో ముందే తెలిస్తే దానికి విరుగుడు లెక్కలో వేసెయ్యొచ్చు. అప్పుడు అరవై నాలుగూ కలిసి, ఒకే చానెల్ మీద, ఒకే క్షణంలో, మీ పరీక్షల మైదానంలో నువ్వు నిలబెట్టిన పదహారు వినే పెట్టెలకి పదహారు వేరువేరు మాటలు చెబుతాయి. ఎవరి మాట వాళ్ళకే వినబడాలి, పక్కవాడిది చెవిలో పడకూడదు. నా మూడేళ్ళ పనంతా ఇదే.

లోపాలు కొలవడానికి మన పెద్దాయన, అదే మీ కొలతల పెట్టె, ఉండనే ఉన్నాడు. అంత ఖరీదైన పెట్టె ఉన్నది మీ మైదానంలోనే కాబట్టి నీ మీద పడుతున్నాను. ఆయన్ని స్తంభం మీద కూర్చోబెట్టు. ఒకటో నంబరు నుంచి అరవై నాలుగు దాకా వరసగా వింటాడు, ఎవడిలో ఎంత తేడా ఉందో చెబుతాడు. మొత్తం ఇరవై నిమిషాల పని.

మే 28న పై ఆఫీసు పెద్దవాళ్ళు మైదానానికి వచ్చి చూస్తారు. నూటికి రెండు మాటల కంటే ఎక్కువ చెడిపోతే నా పద్ధతి అటకెక్కినట్టే. మా మేనేజరు ఖరీదైన రేడియోల పథకం బల్ల కిందే పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకి ఆ అవకాశం ఇవ్వను.

ఫోన్లో చెబుదామంటే, కొలతలు చెడతాయని మీ దగ్గర జేబులో ఫోను ఉండటమే నేరం. ఆఫీసు వైరు ఫోనేమో మేనేజరు గారి బల్ల మీదుగా పోతుంది. అందుకని వారానికోసారి నువ్వు పంపే కొలతల డిస్కు వెంట ఉత్తరం కూడా పంపు. నీ చేతిరాత చూసి చాలా రోజులైంది.

నీ గడుగ్గాయి


మైదానం క్వార్టర్స్, రెండో గది
మార్చి 9

గడుగ్గాయికి,

నీ సబ్బుపెట్టెలు చేరాయి. నువ్వు నవ్వొద్దన్నావు కాబట్టి తలుపు వేసుకుని నవ్వాను.

ఆ తర్వాత ఒకదాని మూత విప్పి చూశాను. అప్పుడు నవ్వు ఆగింది. ఎవరమ్మా ఈ టంకాలు పెట్టింది? ఒక్కో బిందువూ కొలిచి పోసినట్టుంది. నేను ముప్పయ్యొక్క ఏళ్ళుగా రేడియోల కడుపులు విప్పి చూస్తున్నాను, ఇంత ఓపికున్న చెయ్యి ఎక్కడా చూడలేదు. ఆవిడకో ఆయనకో నా నమస్కారం చెప్పు.

మూడు రోజులు పట్టింది బిగించడానికి. నువ్వు చెప్పిన వరసలోనే బిగించాను, ఒక్క నంబరు కూడా అటూ ఇటూ కాలేదు. కాదు కూడా. ఇక్కడ కొత్తగా చేరిన వాళ్ళకి నన్ను చూపించి ఏమంటారో తెలుసా? "ఈయన చేయి జారని మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క గాజు ముక్క పగలగొట్టలేదు" అంటారు. డిసెంబరులో నేను రిటైరయ్యే రోజున ఇచ్చే ఫలకం మీద కూడా అదే చెక్కిస్తారట. నేను వద్దనలేదు.

పెద్దాయన్ని తాడు కట్టి పైకి లాగాం. పైన కూర్చుని ఊరి పెద్దలా అందర్నీ పరికిస్తున్నాడు. మొదటి డిస్కు పంపుతున్నాను.

అక్కకి చెప్పు, నేను బాగున్నాను, వేళకి తింటున్నాను, అబద్ధం కాదు.

మావయ్య


ల్యాబ్, రెండో అంతస్తు
మార్చి 13

మావయ్యా,

నూటికి ఒకటి! నూటికి ఒక్క మాట చెడింది, మిగతా తొంభై తొమ్మిదీ ఎవరివి వాళ్ళకి చేరాయి. మేనేజరు గారు కాగితం తిప్పి తిప్పి చూశారు, వెనక ఇంకేమైనా రాసి ఉందేమోనని. ఏమీ లేదు. నేను కాలరెగరేసుకుని క్యాంటీన్ దాకా నడిచాను, దారిలో ఇద్దరు ముగ్గురికి కావాలనే ఎదురుపడ్డాను.

టంకాలు పెట్టింది కింది అంతస్తులో ఒకావిడ. అరవై నాలుగూ ఆవిడ ఒక్కతే చేసింది. అందరూ టంకాలమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే భూతద్దం. నీ నమస్కారం చెబుదామని వెళ్ళాను కానీ ఆవిడ తల ఎత్తితేగా. ఇంకోసారి చెబుతాను.

అన్నట్టు, నీ గొప్పలు అమ్మకి చదివి వినిపించాను. "చిన్నప్పుడు మా పాలగ్లాసులన్నీ వాడే పగలగొట్టాడు, ఆ లెక్క ఎవరు రాశారు" అంది.

గడుగ్గాయి


మైదానం క్వార్టర్స్
మార్చి 27

అమ్మలూ,

పోయిన మంగళవారం ఉన్నట్టుండి కుండపోత కురిసింది. ఈ కాలంలో వానేమిటో. పెద్దాయన తడిస్తే మనకి పుట్టగతులుండవు కదా, గబగబా కిందికి దించి షెడ్డులో పెట్టేశాను. క్షేమంగానే ఉన్నాడు. వాన వెలిశాక మళ్ళీ పైకెక్కించాను. ఖాళీగా ఉన్నాను కదా అని ఆయనకి కాస్త ఆకుపచ్చ రంగు కూడా వేశాను, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడు.

చలిగాలికి నా ఎడమ మోకాలు పట్టేసింది. పెద్ద సంగతేం కాదు, అక్కకి చెప్పకు.

డిస్కు పంపుతున్నాను. ఇప్పటిదాకా పొద్దున పూటే కొలిచాం. ఇక నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి కొలుస్తున్నాను.

మావయ్య


ల్యాబ్, రెండో అంతస్తు
ఏప్రిల్ 10

మావయ్యా,

కొంప మునిగింది. అయినా మునిగిన చోటు దొరికింది, కంగారు పడకు.

పొద్దున పూట నూటికి ఒకటే చెడుతోంది. మధ్యాహ్నం పందొమ్మిది! ఒకళ్ళ మాట ఇంకొకళ్ళ చెవిలో పడి, పదహారు పెట్టెలూ సంతలో తప్పిపోయిన పిల్లల్లా అయిపోయాయి. రెండు వారాలు తల గోక్కున్నాను. చివరికి ఒక్కో రేడియోలో తప్పు ఎంతుందో గీత గీసి చూద్దునా, నిచ్చెన మెట్లలా ఉంది. ఒకటో నంబరులో తప్పే లేదు. ముప్పయ్యోదాంట్లో కొంచెం. అరవై నాలుగోది ఘోరం. ఒక్కటి కూడా వరస తప్పలేదు.

ఆ నంబర్లేమిటి? వాటిని తయారు చేసిన వరస! ఒకటో నంబరు మొదట చేసింది, అరవై నాలుగోది చివర చేసింది. అంటే పని సాగేకొద్దీ ఆవిడ చెయ్యి అలిసిపోయింది. చివరి వాటిలో టంకాలు సరిగ్గా అతకలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తెలియదు, ఎండ తగలగానే విచ్చుకుంటాయి. ఇంత శుభ్రంగా అతికే జవాబు నాకు మూడేళ్ళలో దొరకలేదు.

రిపోర్టు రాసి మేనేజరు గారికి ఇచ్చేశాను. "టంకం పనిలో లోపం" అని ఒకే ముక్కలో రాశాను. చివరి ముప్పై రేడియోలూ బయట ఇంకెవరితోనైనా మళ్ళీ చేయిద్దామన్నారు. పదిహేను రోజుల పని. మే 28కి బోలెడు టైముంది.

నువ్వు పొగిడిన చెయ్యే ఇలా చేసింది చూడు. నీకూ ఒక్కోసారి అంచనా తప్పుతుందన్నమాట.

గడుగ్గాయి


మైదానం క్వార్టర్స్
ఏప్రిల్ 15

చిరంజీవి మేనకోడలికి,

ఉత్తరం అందింది. కొలతల డిస్కు ఇందువెంట పంపుతున్నాను. ఇక్కడ ఎండలు పెరిగాయి. గాలి తక్కువగా ఉంది.

రిపోర్టు ఇచ్చే ముందు ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే బాగుండేదేమో. ఇచ్చేశావు కనుక చెయ్యగలిగింది లేదు.

ఆవిడ ఉద్యోగానికి ఏమైనా ఇబ్బంది ఉంటుందా? వీలు చూసుకుని రాయి.

ఆశీస్సులతో,
మావయ్య


ల్యాబ్, రెండో అంతస్తు
ఏప్రిల్ 29

మావయ్యా,

ఏమైంది నీకు? పోయిన ఉత్తరం ఎవరు రాశారు? "చిరంజీవి మేనకోడలికి" అట. ఒక్క జోకు లేదు, నా మీద ఒక్క విసురు లేదు. గాలి తక్కువగా ఉందట, గాలి సంగతి నేను అడిగానా? అమ్మకి చూపిస్తే "వాడు ఇలా పద్ధతిగా మాట్లాడుతున్నాడంటే ఎక్కడో ఏదో పగిలింది" అంది. ఆరోగ్యం బాగాలేకపోతే చెప్పు, ఆదివారం బస్సెక్కి వచ్చేస్తాను.

ఆవిడ ఉద్యోగం గురించి అడిగావు. నేను అంత దూరం ఆలోచించలేదు, నిజం చెబుతున్నాను. మే 15 నుంచి ఆవిడని బల్ల మీద నుంచి తీసేస్తున్నారు. స్టోర్‌లో పెట్టెలు లెక్కపెట్టే పని ఇస్తారట, అదీ మూడు నెలలకే. ఆ తర్వాత సంగతి చెప్పలేదు.

నిన్న కిందికి వెళ్ళాను. చెప్పి రావాలి కదా, మొహం చాటేస్తే ఏం బాగుంటుంది అనుకుని వెళ్ళాను. ఆవిడ అరవై నాలుగో నంబరు రేడియోని మూత విప్పి నా ముందు పెట్టింది. బయట చేయించడానికి మీ దగ్గర నుంచి తెప్పించిన వాటిలోదే. భూతద్దం కూడా నా వైపు జరిపింది. "ఎక్కడ చెడిందో చూపించమ్మా, నేర్చుకుంటాను" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

గంటసేపు చూశాను మావయ్యా. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మరీ చూశాను. నాకు ఒక్క పగులు కనబడలేదు.

లెక్క మాత్రం తప్పలేదు. మెట్లు మెట్లుగానే ఉన్నాయి. కనబడని పగులు అయి ఉంటుందని సర్దిచెప్పుకుని పైకి వచ్చేశాను. కానీ అన్నం సహించలేదు. నువ్వు స్తంభం దగ్గరే ఉంటావు కదా, నీ కంటికి ఇంకేమైనా ఆనిందా?

గడుగ్గాయి


మైదానం, షెడ్డు
మే 2

తల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. అక్క పక్కన ఉంటే గట్టిగా చదవకు.

మార్చి 24న వాన వచ్చినప్పుడు పెద్దాయన్ని తాడు కట్టి దించలేదు. తాడు తేవడానికి షెడ్డు దాకా వెళ్ళాలి, ఈలోగా తడిసిపోతాడని చంకలో పెట్టుకుని నిచ్చెన దిగాను. కింది నుంచి మూడో మెట్టు మీద కాలు జారింది. మోకాలు పట్టేసింది చలిగాలికి కాదు, సిమెంటు గచ్చుకి. ఆయన మూల మీద పడ్డాడు. మూల సొట్టపోయింది. లోపలికి తెచ్చి ఆన్ చేశాను, దీపం వెలిగింది, అంకెలన్నీ మామూలుగానే వచ్చాయి. బతికిపోయాననుకున్నాను. సొట్ట సుత్తితో సరిచేసి, కనబడకుండా ఆకుపచ్చ రంగు పూశాను. నీకు పెళ్ళికొడుకు అని రాశానే, అదీ ఆ రంగు కథ.

నీ ఏప్రిల్ ఉత్తరం చదువుతూ ఒక మాట దగ్గర ఆగాను. మెట్లలా ఉందన్నావు. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా. ఆ వరస ఆవిడ చేసిన వరసే, ఒప్పుకుంటాను. కానీ పెద్దాయన వినే వరస కూడా అదే కదమ్మా. ఇరవై నిమిషాలు ఎండలో కూర్చుని ఒక్కొక్కళ్ళనీ వింటాడు. ఆ ఇరవై నిమిషాల్లో ఆయనే మెల్లమెల్లగా పక్కకి జరిగిపోతుంటే? మొదటివాడి కొలత సరిగ్గా వస్తుంది. చివరివాడి నెత్తిన మొత్తం తప్పు పడుతుంది.

ఏప్రిల్ 14 మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెనక నుంచి కొలిపించాను. అరవై నాలుగు నుంచి ఒకటికి. అరవై నాలుగోది ముత్యంలా ఉంది. ఒకటో నంబరు ఘోరంగా ఉంది. ఆవిడ చెయ్యి అలిసిపోలేదు తల్లీ. నా చెయ్యి జారింది.

మర్నాడే నీకు ఆ పద్ధతైన ఉత్తరం రాశాను. అంటే నాకు తెలిసే రాశాను. పద్దెనిమిది రోజులు తెలిసి తెలిసి నోరు కట్టేసుకున్నాను. ఎందుకు అంటే ఏం చెప్పను. ఆ ఫలకం మీద చెక్కే మాట కోసం. ఎనిమిది నెలలు గడిస్తే ఎవరికీ తెలియకుండా ఇంటికి పోతాను కదా అని. నువ్వు రాసిన ఆ మాట, "నేర్చుకుంటాను" అని ఆవిడ అన్న మాట, చదివాక ఇక నాకు ఇక్కడ నిలవబుద్ధి కాలేదు.

సోమవారం మేనేజరు గారికి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు, అది నా పని. నీ మే 28 గతి ఏమవుతుందో తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది. పెద్దాయన్ని బయట బాగుచేయిస్తే నాలుగు నెలలు పడుతుందట. ఆయన లేకుండా కొలవడం ఎలాగో నాకు తెలియదు. మా రోజుల్లో అయితే కొలతల పెట్టెలే ఉండేవి కావు. నేనొక కొసన, ఇంకో లైన్‌మన్ ఒక కొసన నిలబడేవాళ్ళం. "నువ్వు నాకు ఇలా వినబడుతున్నావు" అని నేను, "నువ్వు నాకు ఇలా" అని అతను చెప్పుకుని, ఇద్దరం మధ్యలో సర్దుకునేవాళ్ళం. అరవై నాలుగు మందితో ఆ పని అయ్యేది కాదు.

కోపం వస్తే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

మావయ్య


ల్యాబ్, రెండో అంతస్తు
మే 6

మావయ్యా,

తిడుతున్నాను. చాలా కోపంగా ఉంది. పడేసినందుకు కాదు, ఎవరి చెయ్యైనా జారుతుంది. రంగు పూసినందుకు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మీ ఇంట్లో రేడియో విప్పి పాడుచేసి మంచం కింద దాచాను, గుర్తుందా? "పాడుచేసినా పరవాలేదు, ఎక్కడ పాడైందో దాస్తే మాత్రం ఎప్పటికీ బాగుచెయ్యలేం" అన్నావు. ఆ మాట పట్టుకునే నేను ఈ ఉద్యోగం దాకా వచ్చాను. నువ్వేమో సీసాడు ఆకుపచ్చ రంగు తెచ్చుకున్నావు.

తిట్టడం అయింది. ఇప్పుడు పని.

నీ ఉత్తరం ఆఖర్లో లైన్‌మన్ సంగతి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అయ్యేది కాదు అన్నావు చూడు, అది అవుతుంది. మనకి పెద్దాయన ఎందుకు? రేడియోలే ఒకదాన్నొకటి వినొచ్చు. ఒకటో నంబరు పలుకుతుంది, రెండోది వింటుంది. వెంటనే రెండోది పలుకుతుంది, ఒకటోది వింటుంది. అలా ప్రతి జతా చెయ్యాలి. రెండు వేల పదహారు జతలు. ఒక్కో జత రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి మధ్యలో ఎవడూ పక్కకి జరిగే టైముండదు. జరిగినా మిగతా అరవై ముగ్గురూ పట్టేస్తారు. అందరి మాటలూ కలిపి చూస్తే ఎవడి లోపం ఎంతో తేలిపోతుంది. ఒక్కడు చెప్పిందే సత్యం అనుకోవడం వల్లే కదా నేను పప్పులో కాలేసింది.

మూడేళ్ళు చదువుకున్న నాకు ఇది తట్టలేదు. ఇలాంటి పద్ధతి ఉందని పుస్తకాల్లో చూశాను కానీ, పెద్దాయన ఉండగా ఎందుకులే అని పక్కన పెట్టేశాను.

కొత్త ప్రోగ్రాము ఈ డిస్కులో ఉంది. తెప్పించిన ముప్పై రేడియోలూ ఎవరూ చెయ్యి పెట్టకముందే వెనక్కి పంపుతున్నాను, టంకాలమ్మ చేసినవి చేసినట్టే ఉన్నాయి. బిగించు. నిచ్చెన నువ్వు ఎక్కకు, ఇంకెవరినైనా ఎక్కించు. మోకాలు సంగతి అమ్మకి చెప్పేశాను, అదే నీకు శిక్ష.

గడుగ్గాయి


మైదానం, షెడ్డు
మే 11

గడుగ్గాయికి,

సోమవారం మేనేజరు గారికి చెప్పాను. ఆయన రోజువారీ లాగ్ పుస్తకం తెప్పించి, మార్చి 24 పేజీ తీసి, "ఇక్కడ రాయండి" అన్నారు. "వాన. పెద్దాయన్ని లోపల పెట్టాను" అని నేను రాసిన వరసకి కిందే, "నా చేతిలోంచి పడింది" అని రాసి సంతకం పెట్టాను. పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది, ఎవరు కావాలన్నా చూడొచ్చు. కొలతల సామాను తాళాలు తీసుకున్నారు. ఫలకం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నిన్న రాత్రి మొదటిసారి నిద్ర బాగా పట్టింది.

అక్క ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. నీ శిక్ష సరిపోయింది, ఇక చాలు.

ముప్పై రేడియోలూ బిగించారు, నేను కింద నిలబడి నంబర్లు చెప్పాను. నీ ప్రోగ్రాము మొదటి రోజు నలభై నిమిషాలు నడిచి ఆగిపోయింది. పదిహేడో నంబరు పలకలేదు, కనెక్టరు వదులుగా ఉంది. మొదట పట్టుకున్నది మేం కాదు, మిగతా అరవై మూడూ పట్టుకున్నాయి. బిగించాక అయిదు నిమిషాల్లో అయిపోయింది. నిన్న మధ్యాహ్నం, గచ్చు మీద అడుగు పెట్టలేనంత ఎండలో, నూటికి ఒకటిన్నర.

నీకు ముందే చెప్పాలని వ్యాను ఆపించి రాస్తున్నాను.

మావయ్య


ల్యాబ్, రెండో అంతస్తు
మే 29

మావయ్యా,

నువ్వు అక్కడే ఉన్నావు, నీ కళ్ళతోనే చూశావు, అయినా రాయకపోతే నాకు తోచదు. నూటికి ఒకటి పాయింటు రెండు. పెద్దవాళ్ళలో ఆ తెల్లజుట్టావిడ, "కొలతల పెట్టె ఎక్కడ?" అని అడిగినప్పుడు నేను "లేదండీ, అక్కర్లేదు" అన్నాను చూడు, ఆ ఒక్క మాట కోసం ఈ మూడేళ్ళూ పడ్డాననిపించింది. రెండో దశకి ఒప్పుకున్నారు. ఖరీదైన రేడియోల కాగితాలు మేనేజరు గారి బల్ల కింద నుంచి బీరువాలోకి పోయాయి.

రిపోర్టును మేనేజరు గారు వెనక్కి తీసుకున్నారు. టంకాలమ్మ బల్ల టంకాలమ్మకే ఉంది. రెండో దశకి రెండొందల రేడియోలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే.

ఇంకో సంగతి. పెద్దాయన్ని నాలుగు నెలలు బయటికి పంపడం దేనికని ఆవిడ బల్ల మీదే పెట్టారు. ఒక్క పూటలో పట్టేసిందట. లోపల ఒక చిన్న భాగం తీగ కాలు దగ్గర వెంట్రుకంత పగులు. వేడికి విచ్చుకుంటుంది. ఒక్క చుక్కతో సరిపోయింది. "ఇది పెట్టె చేసిన కంపెనీవాళ్ళ టంకం, నాది కాదు" అందట. భవనమంతా చెప్పుకుని నవ్వుతున్నారు.

చూశావా, ఎంత గండం ఎలా గట్టెక్కిందో. మనిద్దరం కలిస్తే అంతే మరి.

గడుగ్గాయి


మైదానం క్వార్టర్స్, రెండో గది
జూన్ 3

గడుగ్గాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం కోసం. రెండోసారి ఒక మాట కోసం వెతికాను, దొరకలేదు.

"అందట" అని రాశావు. "పట్టేసిందట" అని రాశావు. రిపోర్టు మేనేజరు గారు వెనక్కి తీసుకున్నారన్నావు. నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్ళావా? వెళ్ళి ఉంటే ఈపాటికి నాలుగు పేజీలు రాసేదానివి. రాయలేదంటే వెళ్ళలేదని నాకు తెలుసు. నేనూ ఈ మధ్యే కొన్నాళ్ళు ఇలా పక్కపక్క సంగతులు రాశాను, ఆ రుచి గుర్తుపట్టగలను.

ఆదివారం నేను వెళ్ళాను. ఆవిడ ఇల్లు మీ వీధి నుంచి రెండు బస్‌స్టాపులే. ఓవర్‌టైములో తెచ్చుకున్న పనేదో వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుని చేసుకుంటోంది. కూర్చోమంది. క్షమించమన్నాను. "మీరు వచ్చి చెప్పారు, బాగుంది. కానీ చెప్పిన మాట గాల్లో పోతుంది. నా మీద రాసింది మాత్రం కాగితం మీద రాశారు" అంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నో పాడైన సామాన్లు ఆవిడ బల్ల మీదికి వచ్చాయట. తప్పు నీది కాదు అని ఒక్కరు కూడా కాగితం ఇవ్వలేదట. అక్కడే కూర్చుని రాసిచ్చాను. పేరు ఎలా రాయమంటారు అంటే, "టంకాలమ్మ అనే రాయండి, అందరూ చదివేది అదే కదా" అంది. నకలు కింద రాస్తున్నాను.

"టంకాలమ్మ గారికి. మార్చి 24న కొలతల పెట్టెను నేను నిచ్చెన మీద నుంచి పడేశాను. దెబ్బ కనబడకుండా రంగు వేశాను. మీరు చేసిన రేడియోల్లో లోపం ఉందన్న మాట దానివల్ల వచ్చింది. మీ పనిలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను పద్దెనిమిది రోజులు చెప్పలేదు."

కింద నా సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని బల్ల పైన గోడకి తగిలించుకుంటానంది. ఇంకా తగిలించలేదు. రెండో సంతకానికి చోటు వదిలి పెట్టుకుంది.

మావయ్య


ల్యాబ్, కింది అంతస్తు
జూన్ 9

మావయ్యా,

ఇది టంకాలమ్మ బల్ల మీద నుంచే రాస్తున్నాను. కలం కూడా ఆవిడదే.

నువ్వు చెప్పింది నిజం. వెళ్ళలేదు. నాలుగు రోజులు మెట్ల దాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు నటించి వెనక్కి పోయాను. గెలిచాక తప్పు ఒప్పుకోవడం ఓడినప్పటి కంటే కష్టంగా ఉంది. ఇది నాకు తెలియదు.

ఇవాళ పొద్దున వెళ్ళాను. ఆవిడ భూతద్దం పైకెత్తి చూసి, సొరుగులోంచి నీ కాగితం తీసింది. బల్ల మీద టంకం పొడి చేత్తో తుడిచి, కాగితం పరిచింది. నేను రాశాను. "ఈ లోపం మీదే అని రిపోర్టు రాసింది నేను. ఒక్క రేడియో కూడా విప్పి చూడకుండా, మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా రాశాను. అది తప్పు." సంతకం పెట్టాను. నీ మార్చి నమస్కారం కూడా అప్పుడే చెప్పాను, మూడు నెలలు ఆలస్యంగా.

ఆవిడ రెండు రాతలూ, సంతకాలూ నిదానంగా చదివింది. తర్వాత వేలితో నా సంతకం పక్కన చూపించి, "తేదీ వెయ్యలేదమ్మా" అంది.

ఏ తేదీ వెయ్యాలో నాకు తెలియలేదు. తప్పు రాసిన రోజుదా, ఇవాళ్టిదా అని అడిగాను.

"రెండూ వెయ్యి" అంది.

వేశాను.

నీ గడుగ్గాయి